రోజూ ఆఫీసుకు రోడ్ బైక్: వేగం పోకుండా పంక్చర్లు తగ్గాలంటే ఏ టైర్లు?

మియాపూర్ సవారీ

అందరికీ నమస్కారం. మియాపూర్ నుంచి నానక్‌రాంగూడలోని ఆఫీసుకు రోడ్ బైక్ మీద వెళుతున్నాను. ఒకవైపు దాదాపు 15 కిలోమీటర్లు. సైకిల్‌తో వచ్చిన 700x25 టైర్లే, అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పువే, ఇప్పటికీ వాడుతున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి వెనుక చక్రానికి పంక్చర్లు బాగా పెరిగాయి. రోడ్డు పక్కన కూర్చుని ట్యూబ్ మార్చడం నాకు వచ్చు, కానీ ఉదయం మీటింగ్ ఉన్న రోజున చేతుల నిండా నల్లటి మరకలతో ఆఫీసులో అడుగుపెట్టడం చాలా ఇబ్బందిగా ఉంది.

నా బరువు 74 కిలోలు. వీపున ల్యాప్‌టాప్ సంచి మరో ఐదు కిలోలు ఉంటుంది. రిమ్ బ్రేకులు. 28 టైరు పడుతుందని షాపులో చెప్పారు. ఒక మిత్రుడు కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000 వేసుకోమంటున్నాడు. మరొకరు ష్వాల్బే మారథాన్ ప్లస్ తప్ప వేరేది చూడొద్దంటున్నారు. ఈ రెండింటికీ మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా కనిపిస్తోంది. కారు వదిలి సైకిల్ ఎక్కింది అందులోని ఆనందం కోసం. దాన్ని పోగొట్టుకోకుండా పంక్చర్లు తగ్గించుకునే దారి ఉందా?

రేసు గాలి

నా ఓటు గ్రాండ్ ప్రి 5000కే. ఆ టైరు 2018లో వచ్చింది. అంతకు ముందున్న 4000 ఎస్ 2 మోడల్ కన్నా దొర్లే నిరోధం 12 శాతం తక్కువనీ, పంక్చర్ రక్షణ 20 శాతం ఎక్కువనీ అప్పట్లో కంపెనీయే ప్రకటించింది. పైరబ్బరు కింద వెక్ట్రాన్ అనే దారంతో నేసిన పలుచటి పొర ఉంటుంది. 1997లో మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగినప్పుడు దాన్ని కాపాడిన గాలిసంచులు కూడా ఆ దారంతో చేసినవే. కాబట్టి రేసు టైరు అనగానే కాగితంలా చిరిగిపోతుందని అనుకోవద్దు.

మందపాటి టైరు వేసిన రోజు నుంచీ సైకిల్ బరువుగా కదులుతుంది. పెడల్ తొక్కగానే ముందుకు దూకే గుణం పోతుంది. ఆ గుణం కోసమే కదా మనం రోడ్ బైక్ కొన్నది. 28 సైజులో ఇది వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

ఉదయపు షిఫ్టు, విజయవాడ

నేను ఆసుపత్రిలో నర్సును. తెల్లవారకముందే ఇంటి నుంచి బయలుదేరి ప్రకాశం బ్యారేజీ దాటి డ్యూటీకి వెళతాను. నేను ఆలస్యమైతే రాత్రంతా నిలబడి పని చేసిన మరో అమ్మాయి ఇంటికి వెళ్లలేదు. అందుకే నాకు కావలసింది నమ్మకం. మారథాన్ ప్లస్ వేశాను. దాని పైరబ్బరు కింద 5 మిల్లీమీటర్ల మందాన మెత్తని రబ్బరు పొర ఉంటుంది. డ్రాయింగ్ పిన్ను గుచ్చుకున్నా దాని మొన ట్యూబ్ దాకా చేరదు.

బరువు మాట నిజమే. ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. కానీ ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు టైరు గురించి ఆలోచన అన్నదే రాదు, ఆ నిశ్చింతే నాకు ముఖ్యం. మీరు ఆనందం అన్నారు, నా ఆనందం అక్కడే ఉంది.

గాలిపంపు

మియాపూర్ సవారీ గారూ, టైరు కొనేముందు ఒక పని చేయండి. పంక్చరైన పాత ట్యూబులు పారేయకుండా ఉంచారా? ఉంటే వాటికి గాలి కొట్టి నీళ్ల బకెట్‌లో ముంచి, రంధ్రం ఎక్కడ ఉందో, ఏ ఆకారంలో ఉందో చూడండి. టైరు మందం పెంచితే పోయే పంక్చర్లు కొన్నే. మిగతావాటికి ఎంత ఖరీదైన టైరు వేసినా లాభం ఉండదు.

రంధ్రం ట్యూబ్ బయటి వైపు, అంటే రోడ్డుకు తగిలే వైపు ఉంటే గాజు, ముల్లు, తీగ, రాతి మొన వంటివి గుచ్చుకున్నట్టు. మంచి రక్షణ పొర ఉన్న టైరు పనికొచ్చేది ఇలాంటి వాటికే. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు కనిపిస్తే గాలి తక్కువగా ఉండి, గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబ్ నలిగినట్టు. పాము కాటులా రెండు గాట్లు పడతాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. దీనికి మందు వెడల్పు టైరు, సరిపడా గాలి. రంధ్రం లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే తప్పు టైరుది కానే కాదు. రిమ్ టేపు జరిగిపోయి, చువ్వల రంధ్రం అంచు ట్యూబ్‌ను కోస్తోంది. వాల్వ్ మొదట్లో చిరిగితే పంపు తలను మోటుగా లాగడమో, ట్యూబ్ వంకరగా కూర్చోవడమో కారణం అయి ఉంటుంది.

ఇకముందు ట్యూబ్ ఎక్కించేటప్పుడు టైరు మీది పేరు సరిగ్గా వాల్వ్ దగ్గరకు వచ్చేలా పెట్టండి. అప్పుడు ట్యూబ్‌లో రంధ్రం వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో కొలిస్తే, టైరులో గుచ్చుకున్నది ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. గుచ్చుకున్న దాన్ని తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే అదే చోట మళ్లీ పంక్చర్ పడుతుంది.

చూసి చెప్పండి. ఆ తర్వాత టైరు సంగతి మాట్లాడుకుందాం.

లెక్కల మనిషి

వేగం మాట తీసుకుందాం. ఇక్కడ అందరూ అనుభూతి చెబుతున్నారు, నేను అంకెలు చెబుతాను. నెదర్లాండ్స్ నుంచి నడిచే బైసికిల్ రోలింగ్ రెసిస్టెన్స్ అనే పరీక్షల వెబ్‌సైటు ఉంది. తిరిగే డ్రమ్ము మీద, 42.5 కిలోల బరువు వేసి, గంటకు సుమారు 29 కిలోమీటర్ల వేగంతో టైర్లను పరీక్షిస్తారు. అక్కడ గ్రాండ్ ప్రి 5000కి ఒక్కో టైరుకు సుమారు 10 వాట్లు ఖర్చవుతుంది. పంక్చర్లను తట్టుకునేలా కాంటినెంటలే చేసిన గేటర్‌స్కిన్ అనే టైరుకు 15 దాటుతుంది. మారథాన్ ప్లస్ వంటి టైర్లకు 20 దాటుతుంది.

మన సవారీ గారు ల్యాప్‌టాప్, సైకిల్ కలుపుకుని దాదాపు 90 కిలోలు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో నిటారుగా కూర్చుని తొక్కితే గాలిని చీల్చడానికే సుమారు 80 వాట్లు కావాలి. గేటర్‌స్కిన్ జత ఉంటే టైర్లకు మరో 27 వాట్లు. మొత్తం 107 అనుకోండి. అదే శ్రమతో గ్రాండ్ ప్రి 5000 జత మీద వెళితే వేగం దాదాపు 0.9 కిలోమీటర్లు పెరుగుతుంది. మారథాన్ ప్లస్ మీదైతే ఒక కిలోమీటరుకు కాస్త ఎక్కువే తగ్గుతుంది. 15 కిలోమీటర్ల దారికి లెక్కేస్తే గేటర్‌స్కిన్ మీద 36 నిమిషాలు, గ్రాండ్ ప్రి మీద 35 నిమిషాల లోపు, మారథాన్ ప్లస్ మీద 38 నిమిషాల లోపు. అది కూడా ఎక్కడా ఆగకుండా వెళితే. హఫీజ్‌పేట, కొండాపూర్, గచ్చిబౌలి కూడళ్లలో ఒక ఎర్ర దీపం దగ్గర ఆగితే ఈ తేడా అక్కడే చెల్లిపోతుంది.

బరువు గురించి కూడా ఒక మాట. మారథాన్ ప్లస్ జతకూ రేసు టైర్ల జతకూ మధ్య సుమారు కిలో తేడా ఉంటుంది. చక్రం అంచున ఉన్న బరువును వేగం అందుకునేటప్పుడు రెట్టింపుగా లెక్కేసినా, 90 కిలోలలో అది రెండు శాతమే. సైకిల్ మొద్దుగా కదులుతున్నట్టు అనిపించడానికి అసలు కారణం బరువు కాదు. టైరు గోడల బిగుతు. మందపాటి రబ్బరు రోడ్డును తాకిన ప్రతిసారీ వంగి, మళ్లీ లేచేటప్పుడు మనం ఇచ్చిన శక్తిలో కొంత వేడిగా పోతుంది.

రేసు గాలి

లెక్కల మనిషి గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. కానీ సాయంత్రం అలసిపోయి ఇంటికి వెళ్లేటప్పుడు ఆ 10 వాట్లు ఉన్నాయో లేవో కాళ్లకు తెలుస్తుంది. పైగా మెత్తటి టైరు రోడ్డు మీది గరుకును మింగేస్తుంది. గడియారంలో ఒకటిన్నర నిమిషమే కావచ్చు, అరచేతులకూ నడుముకూ దొరికే సుఖం మాత్రం ప్రతి మీటరుకూ ఉంటుంది. రోజూ తొక్కే మనిషికి అది చిన్న విషయం కాదు. సుఖంగా లేని సైకిల్‌ను జనం మూడో నెలలో బాల్కనీలో పెట్టేస్తారు.

లెక్కల మనిషి

ఒప్పుకుంటాను. ఆ సుఖాన్ని వాట్లలో కొలవలేం. అయితే అందులో ఎక్కువ భాగం టైరు వెడల్పు పెంచి గాలి తగ్గించినా దొరుకుతుంది.

అనంత బాట

అనంతపురం చుట్టుపక్కల తొక్కేవాడిని. మా వైపు గాజు కన్నా సర్కారు తుమ్మ ముల్లుది పెద్ద బాధ. రోడ్ల పక్కన కంపలు కొట్టినప్పుడు కొమ్మలు తారు మీదే పడి ఉంటాయి. రెండు మూడు సెంటీమీటర్ల ముల్లు నిటారుగా దిగితే వెక్ట్రాన్ అయినా కెవ్లార్ అయినా ఆపలేదు. నేసిన పొరలు కోతను ఆపుతాయి, గాజు ముక్క అంచును అడ్డుకుంటాయి. సూది మొన మాత్రం దారాల మధ్య సందు చూసుకుని దిగిపోతుంది. ముల్లును ఆపాలంటే మందం కావాలి, లేదా దిగిన రంధ్రాన్ని పూడ్చే ద్రవం కావాలి.

అందుకే నేను ట్యూబ్ లేని టైర్లకు మారాను. లోపల సీలెంట్ పోస్తాం. చిన్న రంధ్రం పడితే గాలితో పాటు బయటికి వచ్చి అక్కడే గడ్డకడుతుంది. ఇందులోనూ చిక్కులున్నాయి. మా ఎండలకు సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, వేసవిలో తరచూ వాల్వ్ విప్పి చూసి నింపుకోవాలి. రెండోది గాలి పీడనం. 40, 50 పీఎస్‌ఐ దగ్గర చక్కగా పూడుకునే రంధ్రం 80 దగ్గర పూడదు, సీలెంట్ అంతా పిచికారీలా బయటికి పోతుంది. అందుకని సన్నటి రోడ్ టైరుకు ఇది అంత నప్పదు. 32 లేదా ఇంకా వెడల్పు పట్టే సైకిల్ ఉన్నవాళ్లకే చెబుతాను. సవారీ గారి సైకిల్‌కు పాత తరహా రిమ్ములై ఉంటాయి కాబట్టి ఆ దారి వద్దు.

బోయిసీ తెలుగింటి వాడు

అమెరికాలోని ఐడహో నుంచి రాస్తున్నాను. ముల్లు మాట రాగానే ఆగలేకపోయాను. ఇక్కడ సైకిల్ తొక్కేవాళ్లందరినీ ఏడిపించేది గోట్‌హెడ్ అనే ముల్లు. మేక తలలా రెండు కొమ్ములుంటాయి. మొదటిసారి టైరులోంచి పీకి చూస్తే మన పల్లేరు కాయ! మొక్క కూడా అచ్చం అదే, నేలకు పాకుతూ చిన్న పసుపు పూలతో ఉంటుంది. పాత ప్రపంచం నుంచి వచ్చి ఈ పొడి నేలల్లో స్థిరపడిపోయింది. కాయ పండి ఎండితే ఐదు ముక్కలవుతుంది. ఏ ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది.

ఇక్కడి దారుల మీద అందరూ పాటించే పద్ధతి ఒకటుంది. సైకిల్‌ను తారు దాటించి మట్టి అంచు మీదికి తీసుకెళ్లరు. ఫోను వచ్చినా అంచున నిలబడరు. పల్లేరు రోడ్డు మధ్యలో ఉండదు, అంచుల్లోనే ఉంటుంది. దిగి నడిస్తే చెప్పులకు అంటుకుని ఇంట్లోకి కూడా వస్తుంది.

ట్యూబ్‌లో పోసే సీలెంట్ ఇక్కడ బాగా వాడతారు. బరువు పెరుగుతుంది కానీ రోజువారీ సైకిల్‌కు ఫరవాలేదు. టైరుకూ ట్యూబ్‌కూ మధ్య పెట్టే ప్లాస్టిక్ పట్టీలు కూడా దొరుకుతాయి. అవి ముల్లును ఆపుతాయి. కాకపోతే పట్టీ అంచు రాసుకుని రాసుకుని చివరికి ట్యూబ్‌ను అరగదీస్తుంది. అంచులను గరుకు కాగితంతో పలుచన చేసి పెట్టుకోవాలి.

మియాపూర్ సవారీ

గాలిపంపు గారూ, మీరు చెప్పినట్టే పాత ట్యూబులన్నీ బకెట్‌లో ముంచి చూశాను. కొన్నింటికి రంధ్రం రోడ్డు వైపే ఉంది, సూదితో పొడిచినట్టు చాలా చిన్నది. టైరు లోపల చేత్తో తడిమితే ఏమీ తగల్లేదు. దూది ఉండతో లోపలంతా తుడిచాను. ఒకచోట దూది పీచు చిక్కుకుంది. పట్టకారుతో లాగితే వెంట్రుకంత సన్నని ఇనుప తీగ వచ్చింది. అది ఎన్ని ట్యూబులను పొడిచిందో మరి.

మిగతా ట్యూబులకు రంధ్రం రిమ్ము వైపు ఉంది. రిమ్ములో చూస్తే సన్నటి ప్లాస్టిక్ టేపు ఒక పక్కకు జరిగి, చువ్వల రంధ్రాల అంచులు బయటపడ్డాయి. గాలి నేను 110 పీఎస్‌ఐ దాకా కొడుతున్నాను. టైరు మీద గరిష్ఠం 120 అని రాసి ఉంది.

గాలిపంపు

బాగా చూశారు. ఆ తీగ ఎక్కడిదో తెలుసా? లారీలు, కార్ల రేడియల్ టైర్లలో ఉక్కు తీగల పొర ఉంటుంది. ఆ టైర్లు పేలినప్పుడూ అరిగి చిరిగినప్పుడూ తీగ ముక్కలు రోడ్డు మీద పడతాయి. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారుల్లో, లారీలు తిరిగే ప్రతిచోటా ఇవి ఉంటాయి. వాన పడితే నీళ్లు వీటినీ గాజు ముక్కలనూ రోడ్డు అంచుకు చేరుస్తాయి. మనం తొక్కేది ఆ అంచునే. పైగా తడిసిన రబ్బరును గాజు చాలా తేలిగ్గా కోస్తుంది, నీరే నూనెలా పనిచేస్తుంది. వానాకాలంలో పంక్చర్లు పెరగడానికి కారణం ఇదే. ముందు చక్రం వాటిని కదిపి నిలబెడుతుంది, వెనుక చక్రం వాటి మీద ఎక్కుతుంది. బరువులో ఎక్కువ వాటా కూడా వెనుకే కాబట్టి వెనుక టైరే ఎక్కువ బలవుతుంది.

రిమ్ టేపు సంగతి వెంటనే చూడండి. గుడ్డ టేపు కొనండి. రిమ్ము లోపలి వెడల్పుకు సరిపోయేది తీసుకుని, చువ్వల రంధ్రాలన్నీ పూర్తిగా కప్పేలా బిగించి అంటించండి. దానికి అయ్యే ఖర్చు మంచి టైరు ధరలో ఏ మూలకూ రాదు. ఇది చేయకుండా మారథాన్ ప్లస్ వేసినా మీ పంక్చర్లలో సగం అలాగే ఉండేవి.

ఇక గాలి. టైరు మీద రాసేది గరిష్ఠ పరిమితి. అంతా కొట్టమని కాదు. 28 టైరుకు మీ బరువుతో వెనుక 80, ముందు 70 దగ్గర మొదలుపెట్టండి. 110 దగ్గర టైరు రాయిలా అయిపోతుంది. గరుకు రోడ్డు మీద చక్రం ఎగిరెగిరి పడుతూ ఉంటే శక్తి వృథా, సుఖం లేదు. పైగా గాజు ముక్క ఎదురైతే మెత్తని టైరు దాని చుట్టూ వంగి దాటుతుంది, గట్టి టైరులోకి అది దిగబడుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం గుంతల్లో పాము కాట్లు పడతాయి. వారానికి ఒకసారైనా గేజ్ ఉన్న పంపుతో చూసుకోండి, బొటనవేలితో నొక్కి చెప్పలేరు. ఎండలో నిలిపిన సైకిల్‌కు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 పీఎస్‌ఐ పెరుగుతుంది. కాబట్టి ఉదయం నీడలో కొలిచిందే లెక్క.

కొండాపూర్ సాయంత్రం

ఇప్పటిదాకా అందరూ నిమిషాల గురించి మాట్లాడారు. పంక్చర్ ఎక్కడ పడుతుందన్నది ఎవరూ మాట్లాడలేదు. ఆఫీసు అయ్యేసరికి నాకు చీకటి పడుతుంది. దీపాలు లేని సర్వీసు రోడ్డు మీద, లారీలు పక్కనుంచి వెళుతుంటే, ఒంటరిగా ఆగి చక్రం విప్పడం మగవాళ్లకు చిరాకు కావచ్చు. నాకు అది భద్రతకు సంబంధించిన విషయం. అందుకే విజయవాడ అక్క మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఆమె చెప్పిన నమ్మకం విలువ వాట్లలో రాదు.

అయితే నాకు రెండు టైర్లూ ఒకేలా ఉండాలని లేదు. వెనుక గట్టి రక్షణ ఉన్నది వేశాను, ముందు పట్టు ఎక్కువ ఉన్న మెత్తని టైరు వేశాను. పంక్చర్లు ఎక్కువగా పడేది వెనుక. జారితే మనిషి పడిపోయేది ముందు చక్రంతో. వెనుక చక్రం కాస్త జారినా సర్దుకోవచ్చు, ముందుది జారితే నేలే. పంక్చర్ తట్టుకునే టైర్లలో కొన్నింటికి రబ్బరు గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది కానీ తడి రోడ్డు మీద, ముఖ్యంగా తెల్ల గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద పట్టు తక్కువ. గేటర్‌స్కిన్ గురించి కూడా చాలామంది ఈ మాటే చెబుతారు. అలాంటి టైరు వెనుక ఉంటే ఫరవాలేదు, ముందు మాత్రం వేయను.

ఔటర్ పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ దారి మీ దారికి దగ్గర పడితే వాడుకోండి. 23 కిలోమీటర్ల పొడవున వాహనాలు లేకుండా ఉంటుంది. నేను నానక్‌రాంగూడ వైపు పని ఉన్నప్పుడు దాని మీదే వెళతాను.

కొత్త గేర్లు

తడి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఈ రోడ్ టైర్లు నున్నగా ఉంటాయి. కారు టైరులా గాడులు లేకపోతే వానలో నీటి మీద తేలి జారవా?

లండన్ వాన

జారవు. ఇది చాలామందికి ఉన్న భయమే. కారు టైరు వెడల్పుగా, చదునుగా ఉంటుంది, పీడనం 30 పీఎస్‌ఐ చుట్టూ ఉంటుంది. అందుకే దాని కింద నీటి పొర చిక్కుకుంటుంది, ఆ నీరు పోవడానికి గాడులు కావాలి. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని పక్కలకు కోసుకుంటూ పోతుంది. విమానాల చక్రాల కోసం నాసా పరిశోధకులు కట్టిన సూత్రం ఒకటుంది. టైరు నీటి మీద తేలడం మొదలయ్యే వేగం పీడనం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 80 పీఎస్‌ఐకి లెక్కేస్తే గంటకు 140 కిలోమీటర్లు దాటుతుంది. మనం ఆ వేగానికి ఎప్పటికీ చేరం. తడిలో సైకిల్ టైరు పట్టు రబ్బరు మిశ్రమం మీద ఆధారపడుతుంది, గాడుల మీద కాదు.

ఇక్కడ మా బాధ వేరు. దక్షిణ ఇంగ్లండ్‌లో చాలా చోట్ల నేల సుద్ద రాయి, అందులో చెకుముకి రాళ్లు ఉంటాయి. వాన పడితే అవి రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి. విరిగిన చెకుముకి అంచు గాజులా పదునుగా ఉంటుంది. టైరులో చిన్న కోత పెట్టి అక్కడే కూర్చుంటుంది, వెంటనే పంక్చర్ పడదు. చక్రం తిరిగిన ప్రతిసారీ కాస్త లోపలికి దిగి, కొన్ని రోజుల తర్వాత ట్యూబ్‌ను చేరుతుంది. అందుకే వారాంతంలో గాలి కొంచెం తీసి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ పైరబ్బరంతా చూస్తాను. కోతల్లో ఇరుక్కున్న ముక్కలను చిన్న స్క్రూడ్రైవర్ మొనతో తీసేస్తాను. నేను చేసే పనులన్నింటిలోకీ దీనివల్లే పంక్చర్లు ఎక్కువగా తగ్గాయి. హైదరాబాద్ గాజు ముక్కలకు కూడా ఇది వర్తిస్తుంది.

మియాపూర్ సవారీ

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ముందు గుడ్డ రిమ్ టేపు రెండు చక్రాలకూ వేయించాను. బ్రేకుల దగ్గర కొలిచాను, 25 టైరుకు పైనా పక్కలా బాగా ఖాళీ ఉంది, 28 వేసినా నాలుగైదు మిల్లీమీటర్లు మిగులుతుంది. ముందు గ్రాండ్ ప్రి 5000, వెనుక గేటర్‌స్కిన్, రెండూ 28 సైజులో తీసుకోవాలని అనుకుంటున్నాను. లెక్కల మనిషి గారి లెక్క ప్రకారం నేను పోగొట్టుకునేది నిమిషం లోపే, రేసు గాలి గారు చెప్పిన సుఖం ముందు చేతులకు దొరుకుతుంది. తీగల బెడద వెనుకే కాబట్టి అక్కడ గట్టిది ఉంటే చాలు అనిపిస్తోంది.

రేసు గాలి

మంచి ఎంపిక. ఒక మాట. వెనుక కూడా తడి పట్టు కావాలనుకుంటే గ్రాండ్ ప్రి 4 సీజన్ అని మధ్యస్థమైన టైరు ఉంది. వెక్ట్రాన్ పొరలు రెండు ఉంటాయి, పక్క గోడలకు కూడా రక్షణ వల ఉంటుంది. గేటర్‌స్కిన్ కన్నా ధర ఎక్కువ, మన్నిక తక్కువ. సన్నటి తీగ విషయంలో రెండూ కాపాడతాయని హామీ ఇవ్వలేను, అనంత బాట గారు చెప్పినట్టు సూది మొనను నేత పూర్తిగా ఆపదు. అందుకని స్పేర్ ట్యూబ్, లివర్లు, పంపు సంచిలో ఉండాల్సిందే.

టైర్లు అరిగేటప్పుడు కూడా జాగ్రత్త. వెనుకది ముందు అరుగుతుంది. అప్పుడు అరిగిన వెనుక టైరును తెచ్చి ముందు వేయకండి. ముందున్న దాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. గ్రాండ్ ప్రి పైరబ్బరు మీద రెండు చిన్న గుంటలు ఉంటాయి, అవి కనబడకుండా పోతే టైరు జీవితం అయిపోయినట్టు.

ఉదయపు షిఫ్టు, విజయవాడ

నేను నా మారథాన్ ప్లస్‌తోనే ఉంటాను, కానీ రిమ్ టేపు ఇప్పుడే చూసుకున్నాను, బాగానే ఉంది. కొండాపూర్ చెల్లీ, నీ మాటలు మనసుకు తగిలాయి. జాగ్రత్తగా వెళ్లి రా.

గాలిపంపు గారూ, మా వీధి పంక్చర్ షాపులో రోడ్ బైక్ సన్నటి వాల్వ్‌కు గాలి కొట్టలేమంటున్నారు. ఏం చేయాలి? ఇంకొకటి, ఈ బిగుతు టైరును ఎక్కించడం నా చేతుల వల్ల కావడం లేదు.

గాలిపంపు

సన్నటిది ప్రెస్టా వాల్వ్. ఇత్తడితో చేసిన చిన్న అడాప్టర్ దొరుకుతుంది. ప్రెస్టా మొన మరను వదులు చేసి, అడాప్టర్‌ను దాని మీద బిగిస్తే మోటార్‌సైకిల్ వాల్వ్‌లా తయారవుతుంది, ఏ షాపులోనైనా గాలి కొడతారు. ఒకటి సంచిలో, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. పెట్రోలు బంకు కంప్రెసర్‌తో మాత్రం జాగ్రత్త. సన్నటి ట్యూబ్‌లోకి గాలి ఒక్క క్షణంలో నిండిపోతుంది. కొద్దికొద్దిగా కొట్టించి గేజ్‌తో చూస్తుండాలి.

టైరు ఎక్కించడానికి బలం కన్నా వరస ముఖ్యం. ట్యూబ్‌కు ఆకారం వచ్చేంత మాత్రమే గాలి కొట్టి లోపల పెట్టండి. వాల్వ్‌కు ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి, రెండు చేతులతో టైరు అంచును రిమ్ములోకి నెట్టుకుంటూ వాల్వ్ దగ్గర ముగించండి. రిమ్ము మధ్యలో లోతు ఎక్కువ. అప్పటికే ఎక్కిన అంచులను చుట్టూ చిటికెలతో పిండి ఆ లోతులోకి దింపితే చివరి భాగానికి కావలసిన వదులు దొరుకుతుంది. అప్పటికీ ఎక్కకపోతే లివర్ వాడండి, ట్యూబ్ దాని కింద చిక్కకుండా చూసుకోండి. సబ్బు నీళ్లు అంచుకు రాస్తే ఇంకా తేలిక.

ఎక్కాక వాల్వ్‌ను ఒకసారి లోపలికి నొక్కి వదలండి, దాని మొదట్లో టైరు అంచు సరిగా కూర్చుంటుంది. 30 పీఎస్‌ఐ దాకా కొట్టి ఆగండి. టైరు పక్కన రిమ్ముకు సమాంతరంగా అచ్చు వేసిన సన్నటి గీత ఉంటుంది. చక్రాన్ని తిప్పి రెండు వైపులా ఆ గీతను చూడండి. అంతటా ఒకే దూరంలో కనిపిస్తే పూర్తి గాలి కొట్టండి. ఎక్కడైనా రిమ్ములోకి దిగిపోయి కనిపిస్తే గాలి తీసి, ఆ చోట టైరును వేళ్లతో పైకి లాగి మళ్లీ కొట్టండి.